సైకిలు వెనుక క్యారియర్‌కు తీసి పెట్టుకోగల బుట్టను ఎలా బిగించాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. సైకిలు వెనుక క్యారియర్ మీద ఒక తీగల బుట్ట కావాలి. గమ్యం చేరగానే దాన్ని సామానుతో సహా ఊడదీసి లోపలికి పట్టుకుపోవాలి. తిరిగి బయలుదేరేటప్పుడు పనిముట్లేవీ లేకుండా తగిలించుకోవాలి. బుట్ట లేనప్పుడు క్యారియర్‌ను ఇతర సామానుకు కూడా వాడుకోవాలి. ఇప్పుడు మీరు కొక్కేలున్న రబ్బరు తాడుతో కడుతుంటే బుట్ట పక్కలకు జరుగుతోంది, గతుకుల్లో ఎగిరిపడుతోంది. జిప్ టైలతో (ఒకసారి బిగిస్తే మళ్ళీ వదలని ప్లాస్టిక్ పట్టీలతో) కట్టినప్పుడు కదలలేదు గానీ, తీయవలసి వచ్చినప్పుడల్లా వాటిని కోసి పారేయాల్సి వచ్చింది.

నా సమాధానం సూటిగా చెబుతాను. బిగింపును రెండు భాగాలుగా విడదీయండి. ఒక భాగాన్ని క్యారియర్‌కు, మరో భాగాన్ని బుట్ట అడుగుకు నట్లు బోల్టులతో శాశ్వతంగా బిగించండి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసే చోట మాత్రం ముందువైపు కొక్కేలు, వెనుకవైపు ఒకే ఒక్క గడియ ఉండాలి. తలుపుకు ఒక పక్క బందులు, రెండో పక్క గడియ ఉన్నట్టే ఇదీను. రోజూ చేతితో తీసేది గడియ ఒక్కటే. ఈ ఏర్పాటు తయారుగా కొనుక్కోవచ్చు, లేదా ఒక ప్లైవుడ్ పలకతో ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండిటి గురించీ కింద రాస్తున్నాను.

ఇంత శ్రమ ఎందుకు, గట్టిగా కట్టేస్తే సరిపోదా అన్న సందేహం సహజం. సైకిళ్ళ మరమ్మతే నా వృత్తి కాబట్టి ఊడిపోయిన బుట్టలు, విరిగిన క్యారియర్లు తరచూ నా ముందుకు వస్తుంటాయి. వాటిలో బరువుకు కిందికి కుంగి పాడైనవి తక్కువ. బరువును కిందికి మోయడం క్యారియర్ పని, ఆ పని అది చక్కగానే చేస్తుంది. బిగింపు తట్టుకోవలసినవి మిగిలిన దిక్కుల నుంచి వచ్చే బలాలు: బ్రేకు వేసినప్పుడు బుట్ట ముందుకు దూసుకుపోవాలని చూస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారాలని చూస్తుంది, లేచి నిలబడి తొక్కేటప్పుడు పక్కలకు ఊగుతుంది, గుంతలో పడి లేచినప్పుడు పైకి ఎగురుతుంది. రబ్బరు తాడు సాగే గుణం ఉన్నది కనుక ఈ నాలుగింటిలో దేన్నీ పూర్తిగా ఆపలేదు. గుంత దగ్గర బుట్ట లేచిన ప్రతిసారీ అది కాస్త సాగి, బుట్టను మునుపటికంటే కొంచెం పక్కగా దింపుతుంది. మీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే.

రబ్బరు తాడు విషయంలో మరొక మాట గట్టిగా చెప్పాలి. దాని కొక్కెం ఒకటి జారితే తాడు చివర నేరుగా వెనుక చక్రం చువ్వల్లోకి వేలాడుతుంది. అలా చువ్వల్లో చుట్టుకుని, ఫ్రీవీలు దాకా బిగుసుకుపోయి, చక్రం ఒక్కసారిగా ఆగిపోయిన సైకిలును నేను విప్పి బాగుచేశాను. నడిపిన మనిషి నెమ్మదిగా వెళ్తున్నందువల్ల గాయపడలేదు. సాగదీసి కట్టేటప్పుడు చెయ్యి జారితే ఆ కొక్కెం కంటికి తగిలే ప్రమాదం కూడా ఉంది. బుట్ట లోపలి సామాను ఎగరకుండా పైన వేసుకునే వలగా రబ్బరు పనికివస్తుంది. బుట్టను పట్టుకునే పనికి దాన్ని వాడవద్దు.

తయారుగా దొరికే ఏర్పాట్లలో ఎక్కువగా కనిపించేవి క్లిక్‌ఫిక్స్, రాక్‌టైమ్ వారి స్నాపిట్, బేసిల్ బుట్టలతో వచ్చే ఎమ్‌ఐకే. అన్నిటి ఆలోచనా ఒక్కటే: బుట్ట అడుగున ఒక పలక ఉంటుంది, అది క్యారియర్ పైభాగంలో నిర్ణీతమైన చోట దిగి బిగుసుకుంటుంది, ఒక మీటనో పిడినో లాగితే విడిపోతుంది. చేతిలో డబ్బుండి, పని చేసుకునే తీరిక లేనివారికి నేను వీటినే సూచిస్తాను. అయితే ఒక ఏర్పాటు పలక మరొక ఏర్పాటు క్యారియర్‌కు సరిపోతుందని అనుకోవద్దు. బుట్ట కొనేముందు మీ క్యారియర్ ఏ ఏర్పాటుకు చెందినదో చూసుకోవాలి. దేనికీ చెందని సాదా క్యారియర్ అయితే దాని కమ్ముల మందానికి, రెండు పక్క కమ్ముల మధ్య దూరానికి సరిపడే అడాప్టర్ దొరుకుతుందో లేదో ముందుగా తెలుసుకోవాలి. చాలా క్యారియర్లలో కమ్మి మందం 10 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ 8 మిల్లీమీటర్లవీ, 12 దాటినవీ కూడా ఉన్నాయి. పది మిల్లీమీటర్ల కోసం చేసిన పట్టీ ఎనిమిది మిల్లీమీటర్ల కమ్మి మీద ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది.

ఇక సొంతంగా చేసుకునే పద్ధతికి వస్తాను. తీగల బుట్టకైనా, పేము బుట్టకైనా, ప్లాస్టిక్ క్రేటుకైనా ఇదే పనికివస్తుంది.

తడిని తట్టుకునే రకం ప్లైవుడ్, 12 మిల్లీమీటర్ల మందం ఉన్నది, బుట్ట అడుగు కొలతకు కోయండి. వెనుకవైపు మాత్రం మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి, గడియకు ఆ చోటు కావాలి. కోసిన అంచుల్లోంచే నీళ్ళు పొరల్లోకి దిగుతాయి కాబట్టి అంచులకు వార్నిషు రెండు మూడు పూతలు వేయండి. ఈ పలకను బుట్ట అడుగున నాలుగు చోట్ల బోల్టులతో బిగించాలి. తీగల బుట్ట అయితే ఇక్కడే శ్రద్ధ ఎక్కువ అవసరం. ఒక్కో బోల్టు తల కింద చిన్న వాషరు వేసి వదిలేస్తే బరువంతా రెండు తీగల మీద పడుతుంది, కొన్నాళ్ళకు ఆ తీగల అతుకులు ఒక్కొక్కటిగా తెగుతాయి. బుట్ట లోపల అడ్డంగా రెండు అల్యూమినియం పట్టీలు పరిచి, బోల్టులు ఆ పట్టీల్లోంచి కిందికి దిగేలా చేస్తే బరువు అడుగంతా పంచుకుంటుంది. నట్లు నైలాన్ వలయం ఉన్న లాక్ నట్లు కావాలి. మామూలు నట్లు అదురుకు వదులవుతాయి. పలక కింద ఆ నట్లు క్యారియర్ కమ్ముల మీద పడకుండా చోటు ఎంచుకోండి, లేకపోతే పలక కమ్ముల మీద ఆనదు.

పక్కలకు జరగకుండా ఆపడానికి పలక కింద రెండు చెక్క బద్దలు కావాలి. ఒక్కోటి 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. ఇవి క్యారియర్ పక్క కమ్ములకు బయటివైపు, రెండు పక్కలా ఆనుకుని దిగాలి. లోపలి అంచులకు పాత ట్యూబు ముక్కలు అంటించి, ఆ తరువాత కొలిచి బిగించండి. ముందు బద్దలు బిగించి తరువాత రబ్బరు అంటిస్తే బుట్ట క్యారియర్ మీద దిగనే దిగదు. క్యారియర్ కాళ్ళు పక్క కమ్ములను కలిసే చోట బద్దలు అడ్డుపడతాయి కాబట్టి అంతమేర బద్దను కోసి వదిలేయాలి. ఎత్తు 20 మిల్లీమీటర్లు అని ఎందుకన్నానంటే, ముందుండే కొక్కేలు పలక కిందికి సుమారు 15 మిల్లీమీటర్లే పొడుచుకు వస్తాయి. బుట్టను లోపల నేల మీదనో బల్ల మీదనో పెట్టినప్పుడు అది బద్దల మీద నిలబడుతుంది, కొక్కేల మొనలు దేన్నీ గీరవు. రోజూ తీసి పెట్టే బుట్టకు ఇది చిన్న విషయం కాదు.

కొక్కేల కోసం 3 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప పట్టీని మెట్టు ఆకారంలో వంచాలి. పైభాగం పలక అడుగున రెండు బోల్టులతో అంటుకుంటుంది, మధ్యభాగం నిలువుగా కమ్మి మందమంత కిందికి దిగుతుంది, చివరి భాగం ముందువైపుకు వెళ్ళి క్యారియర్ అడ్డ కమ్మి కిందికి దూరుతుంది. ఇలాంటివి రెండు, పక్కపక్కన కాకుండా వీలైనంత ఎడంగా ఉండాలి. కమ్మికీ కొక్కేనికీ మధ్య ట్యూబు రబ్బరు పట్టేంత సందు వదలండి. చివర రెండు మూడు మిల్లీమీటర్ల మేర మొనను కాస్త కిందికి వంచితే, చీకట్లో కూడా బుట్ట వెనుకభాగాన్ని కొద్దిగా పైకెత్తి ముందుకు తోయగానే కొక్కేలు తమంతట తామే కమ్మి కిందికి చేరతాయి. కొక్కెం ముందుకే చూడాలి, వెనక్కి చూడకూడదు. గట్టిగా బ్రేకు పడినప్పుడు బుట్ట ముందుకు తోసే బలమంతా కొక్కెం నిలువు భాగం అడ్డ కమ్మికి ఆనుకుని ఆగిపోతుంది, గడియ మీద ఏమీ పడదు. వెనక్కి తిరిగి ఉంటే ఆ బలమంతా గడియే మోయాలి.

గడియగా నాకు అన్నిటికంటే నచ్చేది పెద్ద పెట్టెలకు ఉండే బిగింపు గడియ: తీగ ఉచ్చును కొక్కేనికి తగిలించి, మీటను నొక్కితే లాక్కుని బిగుసుకునే రకం. పలకకు వెనుక వదిలిన మూడు సెంటీమీటర్ల మీద ఒక దళసరి చెక్క ముక్కను కింది నుంచి స్క్రూలతో నిలబెట్టి, గడియను దాని వెనుక ముఖానికి బోల్టులతో బిగించండి. ఉచ్చు తగిలే కొక్కెం క్యారియర్ మీద ఉండాలి. దానికి రంధ్రాలు మీ క్యారియర్‌కు ఇప్పటికే ఉండవచ్చు: చాలా క్యారియర్ల వెనుక అంచున లైటు, రిఫ్లెక్టర్ల కోసం ఒక చిన్న రేకు ఉంటుంది, దానికి 50 లేదా 80 మిల్లీమీటర్ల ఎడంలో రెండు రంధ్రాలు ఉంటాయి. కొక్కెం పట్టీని అక్కడే బిగించవచ్చు. రేకు మరీ పలుచగా ఉంటే, వెనుక అడ్డ కమ్మిని చుట్టి పట్టే యూ-బోల్టుకు కొక్కేన్ని బిగించడం మేలు. క్యారియర్ కమ్ములకు మాత్రం ఎన్నడూ రంధ్రం వేయవద్దు. గొట్టంలో వేసిన రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది, అది పైకి కనిపించే సమయానికి కమ్మి విరగడానికి సిద్ధంగా ఉంటుంది.

మీటకు చిన్న రంధ్రం ఉన్న గడియనే ఎంచుకోండి. అదురుకు మీట దానంతట అది తెరుచుకోకుండా అందులో ఒక పిన్ను దూర్చవచ్చు. బయట వదిలి వెళ్ళేటప్పుడు అక్కడే చిన్న తాళం వేయవచ్చు. వింగ్ నట్లతో, అంటే చేత్తోనే తిప్పగల రెక్కల నట్లతో, బిగించే ఏర్పాట్లు కూడా చాలామంది చేసుకుంటారు, అవి బలంగానే ఉంటాయి. కానీ రెండు చేతులా సామాను ఉన్నప్పుడు, చేతులు చల్లబడినప్పుడు, చీకట్లో, కింద పడిన నట్టును వెతుక్కోవడం ఎవరికీ సుఖం కాదు. అంత కష్టపడి తీయవలసిన బుట్టను మనుషులు కొన్నాళ్ళకు తీయడమే మానేస్తారు.

గడియ బిగింపు ఎంత ఉండాలంటే, మీట మూసేటప్పుడు అరచేతికి ఒత్తిడి తెలియాలి, కానీ రెండో చెయ్యి సాయం అవసరం కాకూడదు. పలక కింద కమ్ములు ఆనే చోట్ల పాత ట్యూబును చాపగా పరిస్తే ఈ బిగింపు సరిగ్గా కుదురుతుంది. రబ్బరు కొద్దిగా నలిగి ఉండటం వల్ల ఎక్కడా ఖాళీ మిగలదు. శబ్దం రాకపోవడం దీనివల్ల వచ్చే అదనపు లాభం. బుట్ట గలగలలాడుతోందంటే ఎక్కడో సందు ఉందని, ఆ సందు రోజురోజుకూ పెరుగుతుందని అర్థం. ఇనుప కొక్కెం అల్యూమినియం కమ్మిని నేరుగా రాసుకుంటే పూత పోయి, లోహం అరిగి, తడిలో తుప్పు కూడా త్వరగా పడుతుంది. రబ్బరు అడ్డం ఉంటే ఈ మూడూ ఉండవు.

క్యారియర్ మధ్యలో సామాను అదిమిపెట్టే స్ప్రింగు చట్రం ఉంటే దాన్ని ముందే తీసేయండి. చాలావాటిలో స్ప్రింగు చివర్లను లోపలికి నొక్కి లాగితే వచ్చేస్తుంది. అలా రాని రకమైతే పలక అడుగున దానికి తగ్గ గాడి తీయాలి.

రంధ్రాలు వేయకముందే బుట్ట స్థానాన్ని పరీక్షించండి. జిప్ టైలకు సరైన ఉపయోగం ఇక్కడ ఉంది: బుట్టను తాత్కాలికంగా కట్టి, సైకిలు ఎక్కి, దిగి, కొంత దూరం తొక్కి చూడండి. బుట్ట ఎంత ముందుకు ఉంటే అంత మంచిది. బరువు వెనుక చక్రం ఇరుసుకు వెనుకగా పడితే ముందు చక్రం తేలికై, హ్యాండిల్ చేతికి నిలకడగా అనిపించదు, వేగంలో వణుకు కూడా రావచ్చు. మరీ ముందుకు జరిపితే సీటు వెనుక అంచుకు, మీ తొడల వెనుక భాగానికి తగులుతుంది. సీటుకూ బుట్టకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంటే సాధారణంగా సరిపోతుంది. కాలు వెనుక నుంచి తిప్పి ఎక్కే అలవాటు ఉన్నవారు బుట్ట ఎత్తును కూడా చూసుకోవాలి. ఖాళీ బుట్ట మీదుగా సులభంగా దాటే కాలు, పైదాకా నిండిన బుట్టకు తగిలితే సైకిలుతో సహా పడిపోతారు. ఆ తరువాత సైకిలుకు నాలుగడుగుల వెనుక నిలబడి, లైటు, రిఫ్లెక్టర్ పూర్తిగా కనబడుతున్నాయో లేదో చూడండి. గడియ కొక్కేనికి చోటిచ్చినందువల్ల లైటును మడ్‌గార్డు మీదికి మార్చవలసి వస్తే మార్చండి, తీసి పక్కన పెట్టవద్దు.

బరువు గురించి. సైకిలు క్యారియర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11243 ప్రకారం తయారైన వాటి మీద ఎంత మోయవచ్చో అంకె ముద్రించి ఉంటుంది. 10, 18, 25 కిలోలు ఎక్కువగా కనిపించే అంకెలు. ఆ అంకెలో బుట్ట, పలక, గడియ అన్నీ లెక్కే. ఇంట్లో చేసిన పలక, తీగల బుట్ట కలిసి రెండు మూడు కిలోలు తూగుతాయి కాబట్టి 10 కిలోల క్యారియర్ మీద మీ సామానుకు మిగిలేది ఏడెనిమిది కిలోలే. సీటు గొట్టానికి మాత్రమే బిగించి, కింద కాళ్ళు లేని క్యారియర్లు సాధారణంగా ఈ తక్కువ తరగతివే, పైగా అవి పక్కకు తిరుగుతాయి. కార్బన్ సీటు గొట్టానికి అలాంటి క్యారియర్ బిగించనే కూడదు. క్యారియర్‌లో బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ సైకిలు అయితే పట్టీలు గానీ కొక్కేలు గానీ బ్యాటరీ పెట్టెను పట్టుకోకూడదు. బుట్ట ఉండగానే బ్యాటరీ బయటికి రావాలి కూడా. ఇంకొక మాట, ఈ బుట్ట ఎంత బలంగా కుదిరినా అందులో పసిపిల్లలను కూర్చోబెట్టవద్దు.

పని ముగిశాక నేను చేసే పరీక్ష ఒకటుంది. మామూలుగా మోసేంత బరువు బుట్టలో వేసి, గడియ మూసి, బుట్ట రెండు అంచులూ పట్టుకుని సైకిలు వెనుక చక్రాన్ని నేల నుంచి జానెడు పైకి ఎత్తుతాను. అలా ఎత్తి ఉంచి పలకకూ కమ్ములకూ మధ్య చూస్తే, సందులోంచి వెలుతురు కనిపించకూడదు. తరువాత రెండు మూడు సార్లు అలాగే ఎత్తి వదులుతాను. ఆ దెబ్బకు గడియ తెరుచుకోకపోతే, కొక్కెం జారకపోతే రోడ్డు మీద గుంతలకూ నిలుస్తుంది. మొదటి వారం తరువాత అన్ని నట్లూ మళ్ళీ బిగించాలి, ఎందుకంటే కొత్త చెక్క, కొత్త రబ్బరు నలిగి కొంత సర్దుకుంటాయి. క్యారియర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులను కూడా ఆ రోజే చూడండి. బుట్ట వదులైందని నా దగ్గరకు తెచ్చిన సైకిళ్ళలో బుట్ట సరిగ్గానే ఉండి క్యారియరే వదులైన సందర్భాలు తరచుగా ఉంటాయి. క్యారియర్‌ను పట్టే ఈ బోల్టులు సాధారణంగా ఎమ్-5 రకం, అంటే 5 మిల్లీమీటర్ల మందం ఉన్నవి. బిగింపు బలాన్ని కొలిచే న్యూటన్ మీటర్ల లెక్కలో 5 దరిదాపుల్లో బిగిస్తే చాలు, అంతకు మించి బలం పెడితే ఫ్రేములో మరలు పాడవుతాయి.

ఇదంతా మీకు ఎక్కువ పని అనిపిస్తే, మరో మార్గం ఆలోచించండి. మీరు లోపలికి తీసుకెళ్ళవలసింది నిజంగా బుట్టనా, లేక అందులోని సామానునా? సామాను మాత్రమే అయితే బుట్టను క్యారియర్‌కు శాశ్వతంగా బిగించి, దాని కొలతకు సరిపడే గట్టి అడుగున్న సంచిని లోపల పెట్టుకోవడం చౌక, సులభం. మీరు క్యారియర్‌ను ఇతర సామానుకు కూడా వాడుతానన్నారు కనుక నేను దీన్ని మొదట చెప్పలేదు. అలాగే మీ బరువు తరచుగా పది పదిహేను కిలోలు ఉండేటట్టయితే, క్యారియర్ పైన పెట్టే బుట్ట కంటే పక్కన తగిలించే బుట్టలు మంచివి. బరువు కిందికి దిగడం వల్ల మలుపుల్లోనూ, స్టాండు వేసినప్పుడూ సైకిలు అంత సులభంగా ఒరగదు. వాటికి పైన రెండు కొక్కేలు ఉంటే చాలదు, కింద చక్రంవైపుకు ఊగకుండా ఆపే మూడో పట్టు కూడా ఉండాలి, తొక్కేటప్పుడు మడమ తగలకుండా వీలైనంత వెనక్కి జరపాలి.

మీ క్యారియర్ కమ్ముల మందం, పక్క కమ్ముల మధ్య బయటి దూరం, ముందు వెనుక అడ్డ కమ్ముల మధ్య దూరం, ముందు అడ్డ కమ్మికీ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న సందు, ఈ నాలుగూ మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. కొక్కేలకు ఆ సందు కనీసం 10 మిల్లీమీటర్లు కావాలి. అది చూశాక పట్టీలను ఎక్కడ వంచాలో కొలతలతో సహా చెబుతాను.